పేదింటి కుండలో నూరేళ్ళ చరిత్ర

మన సంఘం సంచికకు ఈ ప్రాంత చరిత్ర మీద ఒక వ్యాసం రాయమని మిత్రులు అడిగారు. ఖమ్మం ఖిల్లా గురించో, రామదాసు తానీషాల గురించో, బొగ్గు గనుల గురించో రాస్తానని వారు అనుకుని ఉంటారు. ఆ చరిత్రలు రాసినవారు ఇదివరకే చాలామంది ఉన్నారు. ఎవరూ పెద్దగా పట్టించుకోని చరిత్ర ఒకటి మిగిలి ఉన్నది. అది మన ఇళ్ళల్లో పొయ్యి మీది కుండ చరిత్ర. చేతిలో నాలుగు డబ్బులు కూడా ఆడని రోజుల్లో ఈ అడవి అంచున మన తల్లులు పిల్లలకు ఏం వండిపెట్టారు, ఏ తిండి మనుషుల్ని నిలబెట్టింది, ఏ తిండి దెబ్బతీసింది అన్నదే ఈ వ్యాసంలోని విషయం.

ఇది రాయడానికి కారణం ఉన్నది. పోయిన ఏడాది మా వీధిలో తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి బడిలో కళ్ళు తిరిగి పడిపోయింది. పరీక్ష చేయిస్తే రక్తం ఏడు గ్రాములే ఉన్నదని తేలింది. పలకరించడానికి వెళ్తే ఆ తల్లి కన్నీళ్ళు పెట్టుకుని, "మూడు పూటలా అన్నం పెడుతున్న భాయ్. బిడ్డను ఎన్నడూ పస్తు పండబెట్టలేదు. మరి రక్తం ఎట్ల తక్కువైతది?" అని అడిగింది. నాకు వెంటనే జవాబు తోచలేదు.

ఆ ప్రశ్న ఆమె ఒక్కతెదే కాదు. 2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏండ్ల ఆడవాళ్ళలో నూటికి 57 మందికి పైగా రక్తహీనతతో ఉన్నారు. ఐదేండ్ల లోపు పిల్లల్లో నూటికి 70 మంది అదే స్థితిలో ఉన్నారు. నూటికి 33 మంది పిల్లలు వయసుకు తగిన ఎత్తు పెరగలేదు. రేషన్ బియ్యం ఇంటింటికీ అందుతున్న రాష్ట్రంలో ఈ లెక్క వచ్చింది. కడుపు నిండుతున్నది గాని ఒంటికి పట్టడం లేదన్న మాట. ఇది ఎట్లా జరిగిందో తెలియాలంటే నూరేళ్ళు వెనక్కి పోవాలి.

గోదావరికి అటూ ఇటూ

మన ప్రాంతం చాలాకాలం రెండు ప్రభుత్వాల సరిహద్దుగా ఉన్నది. 1860లో నిజాం ప్రభుత్వం భద్రాచలం, రేకపల్లి తాలూకాలను ఇంగ్లీషువారికి వదిలింది. అవి మొదట సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉండి, 1874లో మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాలో కలిశాయి. ఇవతలి గట్టున బూర్గంపాడు, పాల్వంచ, ఖమ్మం నిజాం రాజ్యంలోనే ఉండిపోయాయి. 1953లో వరంగల్ నుంచి విడిపోయి ఖమ్మం జిల్లా ఏర్పడింది. 1959లో భద్రాచలం ప్రాంతం తూర్పు గోదావరి నుంచి వచ్చి ఖమ్మంలో కలిసింది. 2014లో కొన్ని మండలాలు మళ్ళీ ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్ళాయి. 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా పుట్టింది.

కాగితాల మీద గీతలు ఇన్నిసార్లు మారినా పేదల తిండి మాత్రం భూమిని బట్టే నడిచింది. ఖమ్మం వైపు మెట్ట పొలాల్లో జొన్న ప్రధానమైన పంట. జొన్న సాళ్ళ మధ్యనే కందులు, పెసలు, అలసందలు వేసేవారు. కాబట్టి ఇంటికి గింజ వచ్చిన బండిలోనే పప్పు కూడా వచ్చేది. పొద్దున అంబలి, మధ్యాహ్నం గట్క, రాత్రి రొట్టె. వరి అన్నం పండుగ నాడో, చుట్టాలు వచ్చిన నాడో. 1930 ప్రాంతంలో వైరా, పాలేరు జలాశయాలు కట్టాక వాటి కింద వరి పెరిగింది. 1967లో నాగార్జునసాగర్ నీళ్ళు వదిలాక, ఎడమ కాలువ కింద ఖమ్మం పొలాల రూపే మారిపోయింది. నీళ్ళు రావడం మంచిదే. కానీ జొన్న పోయిన పొలంలో దానితోపాటు పుట్టే కంది, అలసంద కూడా పోయాయి. ఈ మాట గుర్తుపెట్టుకోండి, దీనితో మళ్ళీ పని ఉన్నది.

మర బియ్యం తెచ్చిన రోగం

గోదావరి కిందికి దిగితే కోస్తా జిల్లాలు. అక్కడ వరి ఎప్పటినుంచో ఉన్నది. వడ్లు రోకలితో దంచుకుని తిన్నంతకాలం పెద్ద చిక్కు రాలేదు. మరలు వచ్చి పచ్చి బియ్యాన్ని మల్లెపూవులాగా తెల్లబరచడం మొదలుపెట్టాక బెరిబెరి అనే వ్యాధి ఉత్తర సర్కారు జిల్లాల్లో పాతుకుపోయింది. కాళ్ళు తిమ్మిరెక్కి, వాచి, గుండె బలహీనపడి మనుషులు చనిపోయేవారు. బాలింతలు తెల్లబియ్యమే తింటే వారి పాలలో కూడా ఒక విటమిన్ లోపించి, నెలల పిల్లలు ఉన్నట్టుండి ప్రాణాలు విడిచేవారు. ఆ విటమిన్ థయమిన్. అది తవుడులో పోతున్నది. ఉప్పుడు బియ్యం తినే ప్రాంతాల్లో ఈ వ్యాధి కనిపించలేదు. వడ్లు ఉడికించినప్పుడు ఆ విటమిన్ గింజ లోపలికి దిగుతుంది కాబట్టి మర ఆడించినా కొంత మిగులుతుంది.

ఈ సంగతి తేల్చడానికి నీలగిరి కొండల్లోని కూనూరులో 1918లో రాబర్ట్ మెకారిసన్ అనే డాక్టరు ఒక చిన్న పరిశోధనశాల మొదలుపెట్టాడు. ఆయన చేసిన ఒక ప్రయోగం తెలుసుకోదగినది. దేశంలో వేరువేరు ప్రాంతాల మనుషులు తినే తిండిని వేరువేరు ఎలుకల గుంపులకు పెట్టి చూశాడు. పొట్టు తీయని గోధుమ రొట్టె, పప్పు, పాలు, కూరగాయలు కలిసిన పంజాబు సిక్కుల తిండి తిన్న ఎలుకలు బాగా ఎదిగాయి. తెల్లబియ్యం మీదనే ఆధారపడ్డ మద్రాసు తిండి తిన్న ఎలుకలు అన్నిటికంటే గిడసబారాయి.

ఆయన తర్వాత వచ్చిన ఆక్రాయిడ్ 1937లో ఒక చిన్న పుస్తకం వేశాడు. మన తిండి వస్తువుల్లో దేనిలో ఏమున్నది, తక్కువ ఖర్చుతో సరైన భోజనం ఎట్లా కుదుర్చుకోవాలి అన్నదే అందులో విషయం. అన్నం మరీ ఎక్కువ, పప్పూ ఆకుకూరా పాలూ దాదాపు లేవు, అదే మన పేదవాడి భోజనంలో లోపమని ఆ రోజుల్లోనే చెప్పారు. ఆ పరిశోధనశాలే 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. 1969 నుంచి దాని పేరు జాతీయ పోషకాహార సంస్థ. తార్నాకలో ఉన్నది. ఆ పాత పుస్తకమే పెరిగి పెద్దదై 1971లో హైదరాబాదు నుంచి గోపాలన్ గారి ఆధ్వర్యంలో కొత్తగా వెలువడింది. ఇంత విజ్ఞానం మన ముంగిట్లోనే ఉన్నా మన వంటిండ్లకు చేరింది తక్కువ.

అడవిలో ఆకలి నెలలు

ఇంతలో గోదావరి గట్టున కొండల్లో పరిస్థితి వేరుగా ఉండేది. 1940ల మొదట్లో హైమెండార్ఫ్ అనే ఆస్ట్రియా దేశపు పండితుడు పాపికొండల కొండరెడ్ల మధ్య ఉండి, వాళ్ళ జీవితం మీద 1945లో పుస్తకం రాశాడు. పోడు మీద పండిన జొన్న, సామ, కంది కొన్ని నెలలకే సరిపోయేవి. ఎండాకాలం వచ్చేసరికి గాదెలు ఖాళీ. అప్పుడు జీలుగు చెట్టు వాళ్ళను కాపాడేది. ముందు కల్లు, తర్వాత ఆ చెట్టు మానులోని గుజ్జును ఎండబెట్టి పిండి చేసి జావ కాచుకునేవారు. మామిడి టెంకల్లోని జీడిని నీళ్ళలో నానబెట్టి, వగరు పోగొట్టి, పిండి కొట్టుకుని తినేవారు. కోయవారికి ఇప్పపువ్వు అట్లాగే ఆధారం. దానికి తోడు వెదురు కొమ్ములు, అడవి దుంపలు, తునికి పళ్ళు, మొర్రి పళ్ళు, ఉసిరికాయలు.

ఇవన్నీ విని అడవి తిండి అమృతమని అనుకోకూడదు. జీలుగు పిండి ఆకలి తీర్చేదే గాని బలమిచ్చేది కాదు. వేరే గతిలేక తిన్న తిండి అది. అయితే ఒక్క సంగతి ఒప్పుకోవాలి. వాళ్ళ ఆకు, పండు, దుంప, కాయ ఒక్కో నెలలో ఒక్కో రకం మారుతూ ఉండేవి. ఏడాది పొడవునా ఒకే వస్తువు తిన్నది లేదు.

అంగళ్ళ ద్వారా ఆ తిండి మన ఇళ్ళకు కూడా వచ్చేది. కోయ ఆడవాళ్ళు చింతపండు, ఇప్పపువ్వు, కుంకుడుకాయలు, తేనె తెచ్చి, ఉప్పు, ఎండుమిర్చి, ఎండుచేపలు, గుడ్డ తీసుకుని పోయేవారు. ఆ మార్పిడిలో మోసపోయింది ఎక్కువగా వాళ్ళే. 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ అటవీ ఉత్పత్తులు కొనడం, డిపోల ద్వారా సరుకులు అమ్మడం మొదలుపెట్టింది ఈ మోసాన్ని ఆపడానికే.

జొన్న ఒక్కటే కూడా చాలదు

ఇక్కడ నా మాట వినేవారిలో కొందరు, "అయితే పాతకాలం జొన్న గట్కే మంచిది, బియ్యమే చెడ్డది" అని తీర్పు చెప్పవచ్చు. చరిత్ర అంత సులువుగా తీర్పు ఇవ్వదు. హైదరాబాదుకు వచ్చిన పోషకాహార పరిశోధకులు ఇక్కడి పేదల్లో పెలాగ్రా అనే వ్యాధిని చూశారు. ఎండ తగిలే చోట చర్మం నల్లబడి పగలడం, నోరు పూయడం, విరేచనాలు, మతి చలించడం దాని లక్షణాలు. లోకంలో మిగతా చోట్ల అది మొక్కజొన్న తినేవారి రోగం. ఇక్కడ జొన్న తినేవారికి వచ్చింది. జొన్నలో లూసిన్ అనే పదార్థం ఎక్కువ ఉండడం దీనికి కారణం కావచ్చునని గోపాలన్, శ్రీకాంతయ్య గార్లు 1960లో ప్రకటించారు.

అది ఎవరికి వచ్చింది? జొన్నతోపాటు పప్పూ పాలూ మాంసమూ దొరికిన ఆసామికి రాలేదు. మూడు పూటలా జొన్న, కారం తప్ప మరొకటి ఎరుగని కూలివాడికి వచ్చింది. అటు తెల్లబియ్యం ఒక్కటే తిన్నవాడికి బెరిబెరి, ఇటు జొన్న ఒక్కటే తిన్నవాడికి పెలాగ్రా. గోదావరి రెండు గట్లూ ఒకే పాఠం చెప్పాయి. గింజ ఏదైనా సరే, ఒంటరి గింజ పేదవాడిని కాపాడలేదు.

మా దాదీ వంటిల్లు

నాకు బుద్ధి తెలిసింది 1960లలో. మాది బూర్గంపాడు దగ్గర ఒక పల్లె. మా అబ్బాజాన్ ఎండాకాలం తునికాకు కల్లాల దగ్గర లెక్కలు రాసేవారు. మిగతా నెలలు దొరికిన పని చేసేవారు. ఎనిమిది మంది తినేవాళ్ళం. దేశమంతా కరువు. ఒక్క 1966లోనే దేశం కోటి టన్నులకు పైగా ధాన్యం దిగుమతి చేసుకున్నది. అమెరికా గోధుమలు, ఎర్రజొన్నలు రేషన్ దుకాణాలకు వచ్చేవి. ఆ ఎర్రజొన్న రొట్టె నోట్లో తిరిగేది గాని గొంతు దిగేది కాదు.

వంటిల్లు మా దాదీ చేతిలో ఉండేది. ఆమెకు చదువు రాదు. కానీ ఆమె కుండలో మూడు వస్తువులు లేకుండా పొయ్యి ఆర్పేది కాదు. గింజ, పప్పు, ఆకు. "ఒక్క గింజనే ఉడికిస్తే కడుపు నిండుతది బేటా, ఒళ్ళు నిండదు" అనేది. ఇంటి వెనుక మునగచెట్టు, గోడ పక్కన గోంగూర, దొడ్లో తోటకూర. మన ఇళ్ళల్లో గోంగూరను అంబాడా అంటారు. ఎండలు మొదలయ్యేసరికి చింతచిగురు కోసి, పప్పులో వేసేది. చేతిలో డబ్బులు ఉన్న వారం అదే చిగురు మాంసంలో పడేది.

మాంసం కొనే శక్తి లేని వారాల్లో పావుశేరు బొక్కలు తెచ్చి దాల్చా చేసేది. శనగపప్పు, సొరకాయ ముక్కలు, చింతపులుసు, బొక్కల రసం. ఎనిమిది మందికీ మాంసం కూర తిన్న తృప్తి కలిగేది. బొక్కల్లో బలమున్నదని మేమంతా నమ్మేవాళ్ళం. నిజానికి బొక్కలు ఇచ్చింది రుచి. బలమిచ్చింది శనగపప్పు. అన్నంలోని మాంసకృత్తుల్లో ఏది తక్కువో పప్పులో అది ఎక్కువ. రెండూ కలిస్తే ఒకదాని లోటు మరొకటి తీరుస్తుంది. ఖిచిడీ, దాల్చా, పప్పన్నం, అన్నీ ఈ ఒక్క సూత్రం మీదనే నడుస్తాయి. మా దాదీకి సూత్రం తెలియదు, వంట తెలుసు.

కానీ ఆమె కూడా ఒకసారి ఓడిపోయింది. ఒక ఏడు అబ్బాజాన్‌కు పనిలేక, పప్పు కొనడం మానేశాం. దొడ్లో నీళ్ళు లేక ఆకుకూర ఎండిపోయింది. మూడు నాలుగు నెలలు అన్నమూ గొడ్డుకారమే. నాలుగేళ్ళ మా చెల్లెలు మగ్రిబ్ అజాన్ అయ్యేసరికి గోడలు తడుముకుంటూ నడవడం మొదలుపెట్టింది. పిల్ల ఆడుకుంటున్నదని మేం నవ్వేవాళ్ళం. ఒకనాడు కుంపటి మీద చేయి పెట్టింది. అప్పుడు గాని అది రేచీకటి అని తెలియలేదు. దవాఖానాలో డాక్టరు మందు ఇచ్చి, "ఇంట్లో మునగచెట్టు ఉన్నదా? ఆ ఆకు రోజూ పప్పులో వేయండి. వారానికి ఒకసారి కాస్త కలేజీ పెట్టండి. కళ్ళు దక్కుతాయి" అన్నాడు. చెట్టు ఉన్నది. దాని ఆకులు మేకలకు కోసి వేస్తున్నాం. ఆ రాత్రి మా దాదీ ఏడ్చిన ఏడుపు నాకు ఇప్పటికీ గుర్తున్నది. కొన్ని వారాల్లో చెల్లెలికి చూపు కుదురుకున్నది.

విటమిన్ ఏ లోపంతో పిల్లలకు చూపు పోకుండా ఆరు నెలలకొకసారి ఆ మందు చుక్కలు వేసే జాతీయ పథకం 1970లో మొదలైంది. దాని వెనుక కూడా హైదరాబాదు సంస్థ చేసిన పనే ఉన్నది. అప్పటికి మా ఊరి పిల్లలు ఎందరు చీకట్లో గోడలు తడుముకున్నారో ఎవరు లెక్కపెట్టారు?

రెండు రూపాయల బియ్యం

1983లో నందమూరి తారక రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయలకు బియ్యం ఇచ్చింది. మనిషికి నెలకు ఐదు కిలోలు, కుటుంబానికి ఇరవై ఐదు కిలోలకు మించకుండా. ఈ పథకాన్ని తక్కువచేసి మాట్లాడేవారు ఆకలి ఎరగనివారు. ఈ అడవి పల్లెల్లో ఆకలి నెలలను అది చాలావరకు తుడిచిపెట్టింది. కూలి దొరకని వానాకాలంలో కూడా పొయ్యి వెలిగింది. తర్వాత మధ్యలో ధర పెరిగింది. 2008లో మళ్ళీ రెండు రూపాయలైంది. 2011లో రూపాయికి దిగింది. 2015 జనవరి నుంచి తెలంగాణలో మనిషికి ఆరు కిలోల చొప్పున ఇస్తున్నారు. 2023 నుంచి అది ఉచితం. 2025 ఉగాది నుంచి సన్నబియ్యం.

అయితే ఈ నలభై ఏళ్ళలో మరొకటి కూడా జరిగింది. బియ్యం చవకై చేతికి అందేసరికి జొన్న, సజ్జ, రాగి వంటింట్లోంచి తప్పుకున్నాయి. పొలంలో జొన్న బదులు పత్తి, మిర్చి వచ్చాయి. కంది, అలసంద సాళ్ళు పోయాయని పైన చెప్పాను కదా. అంటే పప్పు ఇంటి పంట కాకుండా పోయి, అంగట్లో కొనే వస్తువైంది. కొనే వస్తువు కాబట్టి డబ్బులు తక్కువైనప్పుడు ముందు కోత పడేది దానికే. దొడ్లు పోయి ఇరుకు గదులు వచ్చాయి, మునగచెట్టు పోయింది. మిగిలిన నాలుగు రూపాయలు చాయ్‌కి, బిస్కెట్లకు, పిల్లల ప్యాకెట్ చిరుతిళ్ళకు పోతున్నాయి. మా దాదీ కుండలోని మూడింటిలో ఒక్క గింజ మాత్రమే ప్రభుత్వం పుణ్యాన మిగిలింది. మా వీధి అమ్మాయి రక్తం ఎట్లా తగ్గిందో ఇప్పుడు తెలుస్తున్నది గదా.

ఈ చరిత్ర మన సంచికి ఏం చెబుతున్నది

చరిత్ర చదివి ఊరుకుంటే లాభం లేదు. కొన్ని లెక్కలు చెబుతాను. అక్కాచెల్లెళ్ళు తప్పులుంటే దిద్దండి.

ఆరు కిలోల బియ్యం అంటే రోజుకు మనిషికి రెండువందల గ్రాములు. దాని నుంచి వచ్చే శక్తి సుమారు 700 కేలరీలు. పెద్దవాళ్ళ అవసరంలో అది మూడో వంతు. కాబట్టి మిగతా గింజ ఎట్లాగూ కొనాలి. ఆ కొనే గింజ మళ్ళీ బియ్యమే ఎందుకు కావాలి? రేషన్ బియ్యానికి తోడు జొన్నలో, రాగులో కొనండి. వంద గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. తెల్లబియ్యంలో అది పది మిల్లీగ్రాములు కూడా ఉండడం కష్టం. జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా గింజల నుంచి వచ్చే శక్తి మొత్తంలో 45 శాతం దాటవద్దనే చెబుతున్నాయి.

రెండోది పప్పు. ఐదుగురున్న ఇంటికి రోజుకు రెండువందల గ్రాములు, నెలకు ఆరు కిలోలు. మనిషికి దీనివల్ల తొమ్మిది గ్రాముల మాంసకృత్తులు వస్తాయి. కందిపప్పు ధర భరించలేకపోతే కందిపప్పే కావాలని పట్టుదల వద్దు. పెసలు, అలసందలు, శనగలు, ఉలవలు ఏవి చవకైతే అవి. ఉలవచారు తాగినవాడు బీదవాడని ఎవరూ అనరు, ఇప్పుడు పెళ్ళిళ్ళలో కూడా వడ్డిస్తున్నారు. ఒక గుప్పెడు పల్లీలు, పిల్లలకు వారానికి మూడు నాలుగు గుడ్లు, అప్పుడప్పుడు ఎండు మెత్తళ్ళు, పదిహేను రోజులకొకసారి కాస్త కలేజీ. ఈ సరుకులకు డబ్బులు ఎక్కడివంటే, నెలనెలా బిస్కెట్ ప్యాకెట్ల ఖర్చు ఒకచోట రాసి చూడండి.

మూడోది ఆకు. రోజుకు ఒక కట్ట. అంగడిలో పొద్దుగూకే వేళకు పోతే సగం ధరకు వస్తుంది. మునగాకు చాలాచోట్ల అడిగితే ఊరికే కోసుకోనిస్తారు. ఆకులోని విటమిన్ ఏ ఒంటికి పట్టాలంటే రెండు చెంచాల నూనెతో తాలింపు ఉండాలి. ఆకులో, పప్పులో ఉన్న ఇనుము ఒంటికి పట్టాలంటే పక్కన నిమ్మచెక్కో, ఉసిరికాయో, జామకాయో ఉండాలి. అన్నం తిన్న వెంటనే చాయ్ తాగితే ఆ ఇనుము పట్టదు. గంట ఆగి తాగండి. ఇది పైసా ఖర్చు లేని మందు.

నాలుగోది వండే తీరు. బియ్యాన్ని నాలుగైదుసార్లు పిసికి కడగడం, గంజి వార్చి పారబోయడం మానాలి. బెరిబెరి తెచ్చిన నష్టాన్నే మనం చేతులారా మళ్ళీ చేస్తున్నాం. గంజి మిగిలితే తాగవచ్చు, పప్పులో కలపవచ్చు.

ఐదోది పసిపిల్లల సంగతి. పాలు మరిపించే వయసులో డబ్బా పొడులు కొనలేమని దిగులుపడవద్దు. హైదరాబాదు సంస్థవారు పేదల కోసమే ఒక పిండి కుదిర్చారు. దానికి హైదరాబాద్ మిక్స్ అని పేరు. వేయించిన గోధుమ 40 గ్రాములు, వేయించిన శనగపప్పు 16, పల్లీలు 10, బెల్లం 20. ఇంత కలిపితే 330 కేలరీలు, పదకొండు గ్రాముల మాంసకృత్తులు. పేరులోనే మన రాజధాని ఉన్నది, మన ఇంట్లోనే లేదు. అంగన్‌వాడీలో ఏడో నెల నుంచి మూడేళ్ళ వరకు పిల్లలకు బాలామృతం ఇస్తారు. గర్భిణులకూ బాలింతలకూ 2015 నుంచి ఆరోగ్యలక్ష్మి కింద పాలూ గుడ్డుతో ఒక పూట భోజనం పెడుతున్నారు. అక్కడికి పోవడం మనకు చిన్నతనం కాదు. మన ఆడపిల్లలను పంపకపోవడమే చిన్నతనం.

ఆఖరుది అన్నిటికంటే ముఖ్యం. మన ఇళ్ళల్లో అందరూ తిన్నాక ఆడది తింటుంది. అప్పటికి కుండలో అన్నం మిగులుతుంది గాని పప్పూ కూరా మిగలవు. మా దాదీ కూడా అట్లాగే తిన్నది. గింజ, పప్పు, ఆకు అని మాకు చెప్పిన మనిషి తన కంచంలో గింజే పెట్టుకున్నది. తల్లికి రక్తం లేకపోతే బిడ్డకు ఎక్కడినుంచి వస్తుంది? వండిన కూరను ముందే ఎందరుంటే అన్ని భాగాలు చేసి, తల్లి భాగం, ఆడపిల్ల భాగం పక్కన పెట్టిన తర్వాతనే వడ్డన మొదలుపెట్టండి. మగవాళ్ళు ఈ పని చూసుకుంటే ఇంకా మంచిది.

ముగింపు

మన అడవి అంచున పాత గింజలు తిరిగి వస్తున్న గుర్తులు కనిపిస్తున్నాయి. భద్రాచలంలో పొలం కూలీలుగా ఉన్న ఆడవాళ్ళు 'భద్రాద్రి మిల్లెట్ మ్యాజిక్' పేరుతో చిరుధాన్యాల బిస్కెట్లు చేసి అమ్ముతున్నారు. 2025 జూన్‌లో ప్రధానమంత్రి తన రేడియో ప్రసంగంలో వారిని ప్రస్తావించారు. ఒకప్పుడు ఆకలి నెలల్లో జీలుగు పిండి తిన్న నేల మీద ఇది జరగడం చిన్న సంగతి కాదు.

మన సంఘం ఏటా పేద కుటుంబాలకు సరుకులు పంచుతుంది. మంచి పని. నా మనవి ఒక్కటే. బియ్యం ప్రభుత్వం ఇస్తున్నది. మనం ఇచ్చే సంచిలో ఇకనుంచి పప్పు, పల్లీలు, రాగులు ఉండాలి. వీలైతే దానితో ఒక మునగ కొమ్మ కూడా ఇవ్వండి. మట్టిలో గుచ్చితే చాలు, బతుకుతుంది.

మా వీధి అమ్మాయి డాక్టరు ఇచ్చిన ఇనుము మాత్రలు వాడుతున్నది. ఇంట్లో పప్పూ ఆకూ మొదలైనాయి. మొన్న పరీక్ష చేయిస్తే పది గ్రాములకు చేరింది. తల్లి ఆ కాగితం తెచ్చి చూపించి, "ఇంకా రెండు గ్రాములు కావాలంట భాయ్, తెచ్చుకుంటం" అన్నది.